‘మనోళ్లు’: ఉప్పల్ ఓటముల హాస్యంలో వ్యాజస్తుతి

ఐపీఎల్ తొలి ఏడాది 2008లో డెక్కన్ ఛార్జర్స్ ఉప్పల్ స్టేడియంలో ఆడిన ఏడు మ్యాచ్‌లలోనూ ఓడిపోయింది. మరుసటి ఏడాది అదే జట్టు కప్పు గెలిచింది. అయితే సార్వత్రిక ఎన్నికల వల్ల పోటీలు దక్షిణాఫ్రికాకు తరలడంతో ఆ గెలుపు జొహానెస్‌బర్గ్‌లో దక్కింది. 2016లో సన్‌రైజర్స్ గెలిచిన కప్పు బెంగళూరులో. 2023లో ఉప్పల్‌లో ఏడింట ఒక్కటే గెలుపు, పట్టికలో చిట్టచివరి స్థానం. రెండు కప్పులూ టీవీలో చూసినవే. టికెట్ కొని కళ్లారా చూసినవాటిలో ఓటములకు కొదవ లేదు. ఇక్కడి అభిమానుల చేదు హాస్యాన్ని ఈ నేపథ్యంలో పరిశీలించాలి.

ఓడిన రాత్రి నాగోల్ వైపు వెళ్లే మెట్రోలో ఈ వ్యాసకర్త విన్న మాట ఒకటి: “మనోళ్లు మంచోళ్లే. ఆఖరి మెట్రో తప్పిపోనియ్యరు.” వికెట్లు టపటపా రాలి ఆట తొందరగా ముగిసిందని భావం. పైకి స్తుతి, లోపల నింద; ఆలంకారికులు చెప్పిన వ్యాజస్తుతికి ఇంతకన్నా సహజమైన ఉదాహరణ తరగతి గదిలో దొరకదు. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకంలో ఈ క్రమం తలకిందులుగా ఉంటుంది: దేవుణ్ణి నిందిస్తూ స్తుతించడం. గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నారసింహ శతకంలో, శత్రుసేనలు ముంచుకొస్తున్నా కదలని స్వామిని భక్తుడు ఎత్తిపొడుస్తాడు. ఆ ఎత్తిపొడుపుకు అధికారం భక్తి నుంచే వస్తుంది. పరాయివాడు అదే మాటంటే దూషణ. మెట్రోలోనూ అంతే. చెన్నై పసుపు జెర్సీ వేసుకున్నవాడు పై వాక్యం అంటే పెట్టెలో ఎవరూ నవ్వరు.

అసలు కీలకం ‘మనోళ్లు’ అన్న మాటలో ఉంది. 1976లో రాబర్ట్ చాల్దీనీ బృందం అమెరికా విద్యార్థుల మాటతీరును పరిశీలించి, తమ జట్టు గెలిచినప్పుడు ‘మేం గెలిచాం’ అనడం ఎక్కువనీ, ఓడినప్పుడు ఆ ‘మేం’ తగ్గిపోతుందనీ చూపింది. తెలుగు అభిమానికి ఈ రెంటి మధ్య మూడో దారి ఉంది. మన, వాళ్లు అన్న రెండూ కలిసిన ఈ మాటలో ఓడింది వాళ్లే, ఆ వాళ్లు మనకు చెందినవాళ్లే. పైగా ‘మావోళ్లు’ అనలేదు. ‘మన’ అనగానే పక్కనున్న ముక్కూమొహం తెలియని ప్రయాణికుడు కూడా ఆ ఓటమిలో భాగస్వామి అయిపోతాడు.

వికెట్ పడిన ప్రతిసారీ కెమెరా స్టాండ్‌లోని కావ్య మారన్ ముఖం మీదికి పోతుంది. ఆ ముఖంపై పుట్టే వెటకారాన్ని ఈ కోవలో చేర్చడానికి ఈ వ్యాసకర్త సిద్ధంగా లేరు. అందులో నవ్వేవాడి సొంత నష్టం ఏమీ లేదు. ఒక స్త్రీ దిగులు వినోదంగా మారుతుంది. ‘మన’ అన్న మాట అక్కడ వినపడకపోవడం యాదృచ్ఛికం కాదు.

2025 మార్చి 23న ఉప్పల్‌లో సన్‌రైజర్స్ 286 పరుగులు చేసింది. మూడు వందలు కొట్టడం ఇక ఖాయమని అందరూ నమ్మారు. వెంటనే వరుసగా నాలుగు ఓటములు; చివరి రెండింటిలో చేసినవి 120, 152. అప్పుడు నాగోల్ స్టేషన్ మెట్లు దిగుతూ ఒక కుర్రవాడు లెక్క తేల్చాడు: “రెండు మ్యాచ్‌లు కలిపితే మనోళ్లు మూడు వందలకు దగ్గరికొచ్చిన్రు అన్నా.”