శ్రుతి పట్టే చేయి

గోదావరి జిల్లాల్లో పద్యనాటకం ఆడినచోటల్లా హార్మోనియం ఉంటుంది. దాన్ని శ్రుతి చేసే చేతుల గొప్పతనం గురించి మాత్రం మనం మాట్లాడుకునేది తక్కువ. ఇత్తడి రీడును కొన దగ్గర సన్నగా గీరితే స్వరం హెచ్చుతుంది, మొదలు దగ్గర గీరితే తగ్గుతుంది. జోడు రీడ్లలో ఒకటి సెకనుకు 440 సార్లు, రెండోది 442 సార్లు కంపిస్తే నాదం సెకనుకు రెండుసార్లు ఉబ్బి తగ్గుతుంది. ఆ ఊగు నెమ్మదించి, పూర్తిగా ఆగేదాకా గీరడం, వినడం, మళ్లీ గీరడం. ఎంత ఓపిక!

సింథసైజర్ ఆసిలేటర్‌లో ఫేజ్ లాక్డ్ లూప్‌దీ ఇదే పని. 4046 చిప్‌లోని కంపారేటర్ రెండు తరంగాల తేడా పసిగడుతుంది. ఫిల్టరు దాన్ని నిలకడైన ఓల్టేజీగా మారుస్తుంది, ఆ ఓల్టేజీ ఆసిలేటర్‌ను దారికి తెస్తుంది. ఆసిలేటర్ నుంచి కంపారేటర్‌కు తిరిగొచ్చే దారిలో డివైడర్ పెడితే మూలస్వరానికి రెట్టింపు, మూడింతల స్వరాలూ పలుకుతాయి. ఫిల్టరు మరీ మందమైతే లూప్ స్వరాన్ని ఆలస్యంగా అందుకుంటుంది, మరీ చురుకైతే వణుకుతుంది. ఆ వణుకు కోసమే లూప్‌ను కావాలని వదులు చేసేవాళ్లున్నారు; ఆ గరుకు నాదం నాకు ప్రాణం.

లూప్ క్షణక్షణం తనను తాను దిద్దుకుంటుంది. రీడుకు ఆ వీలు లేదు, గీరిన గీత ఏళ్లపాటు నిలవాలి. కోనసీమ తేమకు ఇత్తడి చిలుము పట్టిందా, పెట్టె మళ్లీ ఆ చేతుల దగ్గరికే వస్తుంది.