ముప్పై ఎనిమిదేళ్లు ఒకేచోట

పోయిన వారం మా ఊరి మహిళా డిగ్రీ కాలేజీలో ఆటల దినోత్సవానికి వెళ్లాను. ఓణీల సిగ్గులు వదిలేసిన ఈ కాలపు పిల్లలు కబడ్డీలో ఒకరినొకరు పట్టి పడేస్తుంటే చూడటం నాకు పండగ. ముఖ్య అతిథి మైకు అందుకునేదాకా పండగే. "గ్రౌండు లేదు, బూట్లు లేవు అని కూర్చోకండమ్మా. అమెరికాలో ప్యాట్ సమిట్ అని ఒకావిడ ఉండేది. జట్టు బట్టలు తనే ఉతికింది, వ్యాను తనే నడిపింది, దేశంలోకెల్లా గొప్ప జట్టును తయారు చేసింది. సంకల్పం ఉంటే చాలు!" అన్నారాయన. పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్లు కూర్చున్నది గుంటలు పడిన బాస్కెట్‌బాల్ కోర్టు మీద. ఒక వైపు స్తంభానికి బోర్డే లేదు.

ఈ కాలమ్ చదివేవారికి నా పట్టుదలలు తెలుసు. గేమ్స్ పీరియడ్‌ని లెక్కల మేష్టారికి ఇవ్వకూడదు. ముందు కోర్టు, తర్వాతే ఉపన్యాసం. ఆడపిల్లల ఆటకు డబ్బు పెట్టనివాళ్లు వాళ్లకు ధైర్యం నూరిపొయ్యకూడదు. అందుకే ఆ రాత్రి కోపంతోనే ప్యాట్ సమిట్ కథ మళ్లీ మొదటినుంచీ చదివాను.

ఆయన చెప్పినవన్నీ నిజాలే. 1974లో టెనెసీ విశ్వవిద్యాలయం మహిళల బాస్కెట్‌బాల్ జట్టును ఆమె చేతిలో పెట్టినప్పుడు ఆమె వయసు 22. అప్పటికామె పుట్టింటి పేరుతో ప్యాట్ హెడ్. జీతం నెలకు 250 డాలర్లు. ఆ జీతానికే ఒకపక్క ఎం.ఎస్. చదువుకుంటూ, విద్యార్థులకు వ్యాయామ పాఠాలు చెబుతూ, దెబ్బతిన్న మోకాలిని ఒలింపిక్స్ కోసం తిరిగి నిలబెట్టుకుంటూ జట్టును నడిపింది. యూనిఫాంల కోసం పిల్లలు డోనట్లు అమ్మారు. ఉతుకుడు ఆమెదే, వ్యాను స్టీరింగూ ఆమెదే. కోచ్‌గా మొదటి మ్యాచ్‌లో ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయింది. చూడటానికి వచ్చినవాళ్లు యాభై పైచిలుకు మంది.

ముఖ్య అతిథి వదిలేసిన సంగతి ఇంకొకటుంది. ఆమె తండ్రి రిచర్డ్ హెడ్ రైతు, మహా కఠినుడు. ముగ్గురు అన్నలతో సమానంగా కూతురి చేతా పొలం పని చేయించేవాడు. రాత్రిళ్లు గడ్డివాము అటక మీద అన్నలతో కలిసి ఆడుకునేదామె. హైస్కూలు వయసొచ్చేసరికి, వాళ్లుండే చోట బడిలో ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ జట్టు లేదని తెలిసింది. ఆ తండ్రి కూతురికి సంకల్పం గురించి చెప్పలేదు. కాపురాన్నే పక్క కౌంటీలోని హెన్రియెటాకు మార్చేశాడు, అక్కడి బడిలో జట్టుంది కాబట్టి. అన్నలకు ఆటల స్కాలర్‌షిప్పులు దొరికాయి. ఆడపిల్లలకు అవి లేని కాలం కనుక ఆమె కాలేజీ ఫీజు తల్లిదండ్రులే కట్టారు.

ఆ రోజుల్లో టెనెసీ హైస్కూళ్లలో ఆడపిల్లల ఆట కూడా వేరు. జట్టుకు ఆరుగురు. ముగ్గురు ఒక సగంలో గోల్ వెయ్యాలి, ముగ్గురు రెండో సగంలో అడ్డుకోవాలి. ఎవరూ మధ్య గీత దాటకూడదు. కోర్టంతా పరుగెత్తితే ఆడపిల్లల ఒళ్లు తట్టుకోదని పెద్దల నమ్మకం. అడ్డుకునే ముగ్గురూ ఏళ్ల తరబడి ఆడినా ఒక్క బంతి బుట్టలో వెయ్యకుండానే బడి ముగించేవారు. ఈ పద్ధతి పోవాలని ప్యాట్ గట్టిగా పోరాడింది. అది పోయేసరికి 1979 వచ్చింది.

ఇది చదువుతుంటే మా హైస్కూలు కళ్ల ముందుకొచ్చింది. డెబ్బైల తొలి రోజులు, గోదావరి జిల్లా. మగపిల్లలకు వాలీబాల్, ఫుట్‌బాల్. మాకు టెన్నికాయిట్ రింగు, త్రోబాల్. గీత దాటకుండా, ఓణీ జారకుండా, నిలబడ్డచోటే నిలబడి ఆడే ఆటలు. రింగాటంటే నాకు చిన్నచూపు లేదు, చాలా నేర్పు కావాలి దానికి. కానీ అది మేం ఎంచుకున్నది కాదు, మాకు కేటాయించినది.

నేను తొమ్మిదిలో ఉండగా ఒక కొత్త డ్రిల్లు టీచరమ్మ వచ్చింది. వచ్చిన వారంలోనే మగపిల్లల బాస్కెట్‌బాల్ తెచ్చి మా చేతుల్లో పెట్టింది. ఓణీలు నడుముకు బిగించి దోపించి, పొద్దున ప్రార్థనకు ముందు గ్రౌండు చుట్టూ పరుగెత్తించేది. బంతిని చూడకుండా తట్టడం నేర్పింది. నేను తలొంచి బంతినే చూస్తుంటే గడ్డం కింద వేలు పెట్టి పైకెత్తేది. "బంతెక్కడికీ పోదే, మనుషుల్ని చూడు" అనేది. ఊళ్లో గొణుగుడు మొదలైంది. మా నాన్నమ్మ మా అమ్మతో రెండు రోజులు మాట్లాడలేదు. అయినా మేం ఆడాం. పక్క ఊరి బడి మీద గెలిచాం కూడా. గెలిచి వస్తూ బస్సులో అరిచిన అరుపులకు కండక్టరు బస్సాపి దించేస్తానన్నాడు. ఆ వేసవిలో టీచరమ్మకు బదిలీ అయింది. జూన్‌లో బడి తెరిచాక బంతి మళ్లీ మగపిల్లల గదిలోకి వెళ్లింది, మా చేతికి రింగు వచ్చింది. ఏడ్చాం. ఆ తర్వాత పదో తరగతి పరీక్షలొచ్చాయి.

ముఖ్య అతిథికి రాయాలనుకున్న జవాబు ఇక్కడికి సిద్ధమైంది. ప్యాట్ ఒంటరి సంకల్పంతో గెలవలేదు. 1972లో అమెరికాలో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థలో ఆడపిల్లను ఆడపిల్లయినందుకు దేనికీ దూరం పెట్టకూడదంది. ఆ చట్టం భయంతో డబ్బు కదిలింది, స్కాలర్‌షిప్పులు వచ్చాయి. టెనెసీలో స్త్రీల క్రీడలకు విడిగా ఒక విభాగం, దానికో డైరెక్టరు ఏర్పడ్డారు. మొదటి జాతీయ టైటిల్ వచ్చింది 1987లో, అంటే బట్టలుతికిన పదమూడేళ్లకు. ఆ డిసెంబరులో టెక్సస్‌తో మ్యాచ్ చూడటానికి కొత్త అరీనాలో కూర్చున్నవారు 24,563 మంది. యాభై నుంచి అంతకు చేరడానికి చట్టం కావాలి, ఖజానా కావాలి. ఇదీ నేను రాయబోయింది.

రాయలేకపోయాను. అడ్డొచ్చింది ఆ విశ్వవిద్యాలయపు తర్వాతి చరిత్రే.

ప్యాట్ సమిట్ 38 సీజన్లలో 1,098 మ్యాచ్‌లు గెలిపించింది. ఎనిమిది జాతీయ టైటిళ్లు, ఒక్క సీజనులో కూడా గెలుపులకంటే ఓటములు ఎక్కువ కాలేదు. 2011లో, 59 ఏళ్ల వయసులో, అల్జైమర్స్ అని తేలింది. ఆ విషయం లోకానికి తనే చెప్పి, ఇంకో సీజను జట్టుతో ఉండి, 2012లో తప్పుకుంది. 2016లో 64 ఏళ్లకు కన్నుమూసింది. చట్టం ఇప్పటికీ ఉంది. అరీనా ఉంది, ఆమె తొలి రోజుల్లో కలలో కూడా ఊహించనంత డబ్బుంది. ఆమె తర్వాత పగ్గాలు పట్టిన మొదటి ఇద్దరు, హాలీ వార్లిక్, కెలీ హార్పర్, ఆమె దగ్గర ఆడి ఆట నేర్చుకున్నవాళ్లే. అయినా 2008 టైటిల్ తర్వాత ఆ జట్టు ఫైనల్ ఫోర్, అంటే జాతీయ టోర్నీలో చివరి నాలుగు జట్ల గడప తొక్కలేదు.

డబ్బుతో రానిది ఏదో ఆమె దగ్గరుండేదన్నమాట. కఠినత్వం అంటారు అందరూ. ఆమె చూపుకి భయపడని ఆటగత్తె లేదు. కానీ కఠినంగా ఉండేవాళ్లు మన బళ్లలో తక్కువా? నన్ను ఆపేసింది ఆమె ప్రాక్టీసులోని ఒక చిన్న నియమం. ఆమె తప్పు దిద్దితే ఆటగత్తె "రిబౌండ్" అని పైకి అనాలి. మెచ్చుకుంటే "టూ పాయింట్స్" అనాలి. అంతే, ఆట ముందుకు సాగాలి. తిట్టును మనసులో పెట్టుకుని నలగడానికి వీల్లేదు, మెప్పును విననట్టు ఊరుకోవడానికీ వీల్లేదు. 1996-97లో ఆ జట్టు పది మ్యాచ్‌లు ఓడి కూడా చివరికి టైటిల్ గెలిచింది. మరుసటి ఏడు 39 ఆడి 39 గెలిచింది. క్లాసులో మొదటి మూడు వరసల్లోనే కూర్చోవాలన్నది ఇంకో నియమం. ఆమె దగ్గర తమ కాలం పూర్తిగా ఆడిన ప్రతి పిల్లా డిగ్రీ పుచ్చుకుంది. ఎనిమిది టైటిళ్లకంటే నాకు ఇదే పెద్దదిగా కనిపిస్తుంది.

ఇలాంటి పద్ధతి ఒక ఏడాదిలో అలవాటు కాదు. తిట్టినావిడ రేపూ ఉంటుందని, ఎల్లుండీ ఉంటుందని పిల్లకు తెలియాలి. టెనెసీకి బద్ధ ప్రత్యర్థి కనెక్టికట్‌లో జీనో ఆరియెమా కోచ్‌గా 1985లో చేరాడు. అంతకుముందు ఆ జట్టు గెలుపులెక్కువైన సీజను చూసింది ఒక్కసారే. అతని మొదటి సీజనూ 12 గెలుపులు, 15 ఓటములు. మొదటి టైటిల్ 1995లో, పన్నెండోది 2025లో. అతని పక్కన సహాయ కోచ్‌గా క్రిస్ డెయిలీ మొదటి రోజునుంచీ ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో టారా వాన్‌డర్వీర్ కూడా 1985లోనే చేరి 2024లో దిగింది. ప్యాట్‌తో కలిపి ఈ ముగ్గురు కోచ్‌లదీ ఒకేచోట జీవితకాలపు కాపురం. అంతకాలం వాళ్లనక్కడ నిలబెట్టింది డబ్బు కూడా, కాదనను. కానీ నేనింతకాలం డబ్బడిగింది సిమెంటుకీ బోర్డుకీ. మనిషిని నిలబెట్టడానికి అడగలేదు.

మా కాలేజీలో ఇప్పుడున్న ఫిజికల్ డైరెక్టరమ్మాయి కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ఏటా ఏప్రిల్‌లో ఆగిపోతుంది, మళ్లీ పిలుస్తారో లేదో తెలియదు. అంతకుముందు ఉన్నవాళ్లదీ అదే తీరు. ఆ రోజు కబడ్డీ కూతకు ఊపిరెలా పట్టాలో పిల్లలకు చూపించింది ఆమే. ముఖ్య అతిథికి ఉత్తరం రాయలేదు. కాలేజీ యాజమాన్యానికి రాశాను. బోర్డు సంగతి రెండో పేరాలో పెట్టాను. మొదటి పేరాలో ఆ అమ్మాయిని పర్మనెంట్ చెయ్యమని, అది కాదంటే కనీసం ఇప్పుడు మొదటి సంవత్సరంలో ఉన్న పిల్లలు డిగ్రీ పుచ్చుకునేదాకా కదపొద్దని అడిగాను. పూర్వ విద్యార్థినులు సంతకాలు పెడతామంటున్నారు. ఉత్తరం నకలు నా దగ్గరుంది, ఆ కాలేజీలో చదివినవారెవరైనా వచ్చి సంతకం చెయ్యవచ్చు.