పన్ను ఒక్కటే సాక్షి కాదు

1897 మే 4న పారిస్‌లోని ‘బజార్ ద లా షారితే’ అనే దాతృత్వ సంతలో సినిమా ప్రొజెక్టర్ దీపం వద్ద నిప్పంటుకొని నూట ఇరవై మందికి పైగా మరణించారు. మృతుల్లో అధికులు సంపన్న కుటుంబాల స్త్రీలు. నగలను, దుస్తుల పేలికలను బట్టి గుర్తించలేకపోయిన దేహాల కోసం దంతవైద్యులను పిలిపించమని పరాగ్వే కాన్సుల్ సూచించాడు. ఆస్ట్రియా సామ్రాజ్ఞి ఎలిజబెత్ చెల్లెలైన అలాంసోఁ డచెస్‌ను ఆమె దంతవైద్యుడు డావెన్‌పోర్ట్ ఆ విధంగానే గుర్తించాడు.

మరుసటి ఏడాది ఆస్కార్ అమొయెదో ఫ్రెంచిలో ప్రచురించిన గ్రంథం న్యాయవైద్య దంతశాస్త్రానికి పునాదిగా నిలిచింది. అమొయెదో స్వయంగా ఆ గుర్తింపులు చేసినవాడు కాదు. చేసినవారి అనుభవాలను సేకరించి శాస్త్రంగా కూర్చినవాడు. అయితే ఈ ఉదంతాన్ని ‘పళ్ళు నిప్పుకు లొంగవు’ అనడానికి నిదర్శనంగా చెప్పడం మాత్రం సరికాదు.

ఎనామెల్‌లో బరువు రీత్యా దాదాపు 96 శాతం ఖనిజమే. దాని కిందనున్న డెంటిన్‌లో మాత్రం నీరు, సేంద్రియ పదార్థం కలిసి దాదాపు 30 శాతం ఉంటాయి. తీవ్రమైన వేడికి అవి నశించి డెంటిన్ కుంచించుకుపోతుంది. ఆ మేరకు కుంచించుకోలేని ఎనామెల్ పగిలి పెచ్చులుగా ఊడుతుంది. పన్ను గోధుమరంగు నుంచి నలుపుకు, బూడిదరంగుకు, చివరకు తెలుపుకు మారుతుంది. అలా తెల్లబడిన పన్ను చెక్కుచెదరనట్టే కనిపించినా, తాకితే పొడిగా రాలిపోవచ్చు. రంగు ఉష్ణోగ్రతపైనే కాక, మంటలో ఉన్న సమయంపైనా ఆధారపడుతుంది. కనుక రంగును చూసి మంట ఇన్ని డిగ్రీలని తేల్చి చెప్పడం సాహసమే.

బుగ్గలు, నాలుక కొంతసేపు కాపాడటం వల్ల దవడపళ్ళు ముందరి పళ్ళకంటే ఎక్కువగా నిలుస్తాయి. ఎముకలో పాతుకున్న వేళ్ళకూ అటువంటి రక్షణే ఉంది; డీఎన్‌ఏ దొరికే అవకాశమున్నా, వేడి పెరిగేకొద్దీ అదీ క్షీణిస్తుంది. పంటిలో నింపిన బంగారం కరగడానికి 1064 డిగ్రీల సెల్సియస్ కావాలి. అమాల్గంలోని పాదరసం అంతకు చాలా ముందే ఆవిరైపోతుంది.

ఇన్ని మార్పులను దాటి నిలిచిన పన్ను కూడా తనంతట తాను పేరు చెప్పదు. డచెస్ విషయంలో సాక్ష్యమైనది పన్ను ఒక్కటే కాదు, దానికి చేసిన చికిత్సను గుర్తుపట్టగల వైద్యుడు ఉండటం కూడా. దంతవైద్యుని గడప తొక్కే స్తోమత లేనివారి పళ్ళు అంతే గట్టిగా నిలిచినా, పోల్చి చూడడానికి చికిత్సా వివరాలు ఉండవు. ఆ ఉదంతం చాటేది పంటి దృఢత్వాన్ని కాదు, బతికుండగా రాసిపెట్టిన వివరాల విలువను.