ఆ పాటలో లేవని పిల్లాడు

'తారే జమీన్ పర్' అనగానే చాలామందికి గుర్తొచ్చేది 'మా' పాట. నాకు మాత్రం 'బమ్ బమ్ బోలే'. జోకర్ వేషంలో వేణువు వాయిస్తూ నికుంభ్ సార్ క్లాసులోకి వస్తాడు. పిల్లలంతా ఎగిరి గంతులేస్తారు. ఇషాన్ ఒక్కడే కూచున్న చోటి నుంచి కదలడు.

2007 డిసెంబర్‌లో విడుదలైన ఆ సినిమాని నేను కొన్ని నెలల తర్వాత, కామారెడ్డిలో ఇంటర్ చదివేటప్పుడు, ఒక దోస్తు రూములో కంప్యూటర్ మీద చూశాను. అందరూ 'మా' దగ్గర ఏడ్చారు. నేను ఈ పాట దగ్గర ఆగిపోయాను. ఈ పిల్లాణ్ని ఎవరూ పాటలోకి పిలవడం లేదేంటి అనిపించింది. అప్పటికి డిస్లెక్సియా అనే మాట నాకు తెలియదు. అది నాకూ ఉందని తేలడానికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది.

ఈ మధ్య మళ్లీ చూశాను. మంచి సినిమానే, దాని మేలు నేను మర్చిపోను. మన దేశంలో ఎందరో అమ్మానాన్నలు ఆ మాటని మొదటిసారి విన్నది ఆ సినిమాలోనే. కానీ రెండు విషయాల్లో దానితో నాకు పేచీ ఉంది.

మొదటిది, డిస్లెక్సియాని అది కంటి సమస్యగా చూపించింది. చదవమంటే, అక్షరాలు డాన్స్ చేస్తున్నాయంటాడు ఇషాన్. తెర మీద నిజంగానే అక్షరాలు ఎగురుతాయి. సినిమాకి చూపించడం తేలిక, వినిపించడం కష్టం. పరిశోధకులు ఎక్కువమంది చెప్పేది వేరు: చిక్కు ప్రధానంగా చెవి దగ్గర, అంటే మాటని ధ్వనులుగా విడగొట్టి ఒక్కోదాన్నీ అక్షరానికి ముడివేయడం దగ్గర. కేంబ్రిడ్జ్‌లో ఉషా గోస్వామి ఇంకో అడుగు వేసి, ఈ పిల్లల్లో చాలామందికి మాటలోని లయ సరిగా పట్టుబడదని వాదిస్తారు.

రెండో పేచీ ముగింపుతో. ఇషాన్ బొమ్మల పోటీలో గెలుస్తాడు, వాడి బొమ్మ స్కూలు పుస్తకం అట్టకెక్కుతుంది. మరి బొమ్మ గీయడం రాకపోతే? అంతకుముందు నికుంభ్ ఐన్‌స్టీన్, డా విన్సీ అంటూ పేర్ల జాబితా చదివినప్పుడు కూడా నాకు ఇదే ఇబ్బంది. చదవడం కష్టమైన ప్రతి పిల్లాడూ బదులుగా ఏదో ఒక ప్రతిభ అప్పగించాలన్నమాట. ఇసుకలో అక్షరాలు దిద్దించడం, మట్టితో చేయించడం లాంటి అసలు పనంతా ఒక్క పాటలో గడిచిపోతుంది. నేనైతే రెండు గంటలు అదే చూసేవాణ్ని.

ఇక నా సంగతి. ఎల్లారెడ్డిలో నేను చదివిన బడిలో నాకు తెలుగు బాగా వచ్చని పేరు. నిజానికి నేను చదివేవాణ్ని కాదు. తెలుగు సార్ రాగం తీసి పద్యం రెండుసార్లు పాడితే చాలు, పుస్తకం తెరిచి పట్టుకుని అదే రాగంలో అప్పజెప్పేవాణ్ని. పేజీ తిప్పాల్సిన చోట తిప్పేవాణ్ని కూడా. ఆటవెలదైనా కందమైనా పర్వాలేదు. వచనం వస్తేనే చచ్చేవాణ్ని. వచనానికి పట్టుకోవడానికి ఏముంటుంది?

ఆ చెవి నాకు పుట్టుకతో వచ్చింది కాదు. మా దిక్కు చిరుతల రామాయణం ఆడతారు. చేతిలో చెక్క చిరుతలు, గుండ్రంగా తిరుగుతూ పాట, గురువు నెలల తరబడి రాత్రిపూట నేర్పించడం. మా పెద్దబాపుకి చదువు రాదు, లక్ష్మణుడి వేషమంతా నోటికి వచ్చు. ఆయన పక్కన నేనూ చిరుతలు పట్టుకుని నిలబడేవాణ్ని. ఒంటరిగా కొట్టమంటే తాళం తప్పేది. గుంపులో తప్పినా ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు, మళ్లీ కలుపుకునేవాళ్లు. అలా కొట్టీ కొట్టీ కుదిరింది.

తెలుగులో నేను ఎక్కువగా తప్పేది దీర్ఘాలూ ఒత్తులే. 'కల'కీ 'కాల'కీ, 'కల'కీ 'కల్ల'కీ తేడా కాగితం మీద జారిపోయేది. ఛందస్సు చూడండి: దీర్ఘం గురువు, ఒత్తున్న అక్షరానికి ముందున్నదీ గురువు. గురువుకి రెండు మాత్రలు, లఘువుకి ఒకటి. నేను తప్పే చోట్లన్నీ తాళం తెలిసినవాడికి చేతికి దొరికే చోట్లే. ఇది నా ఊహ, శాస్త్రం కాదు. కానీ 2015లో 'ప్లాస్ వన్' పత్రికలో ఇటలీ వాళ్ల అధ్యయనం ఒకటి వచ్చింది. డిస్లెక్సియా ఉన్న 46 మంది పిల్లల్లో కొందరికి ఏడు నెలలు సంగీతం నేర్పారు, మిగతావాళ్లకి బొమ్మలు వేయడం. చదవడంలో, ధ్వనుల్ని విడగొట్టడంలో ఎక్కువ మెరుగైంది సంగీతం వాళ్లు. చిన్న అధ్యయనమే, దాని మీద మేడలు కట్టలేం. అయినా సంగీతమా, బొమ్మలా అన్న ఆ పోటీ చూసి నాకు ఇషాన్ గుర్తొచ్చి నవ్వొచ్చింది.

అలాగని పాటని ఆకాశానికెత్తలేను. నన్ను దాచిపెట్టింది కూడా అదే. పద్యం పాడేవాడికి చదవడం రాదని ఎవరు అనుకుంటారు? దానికి తోడు తెలుగు రాసినట్టే పలుకుతుంది. ఇలాంటి లిపుల్లో డిస్లెక్సియా తప్పులకన్నా నెమ్మదిగా చదవడంలోనే బయటపడుతుంది. నెమ్మదిగా చదివితే మన దగ్గర దానికి పేరు బద్ధకం. కామారెడ్డికి వచ్చి ఇంగ్లిష్ మీడియంలో కూచున్నాకే నా గుట్టు రట్టయింది. 'థ్రూ', 'టఫ్', 'దో', మూడింటి స్పెల్లింగ్ చివరా అవే నాలుగక్షరాలు, మూడింటికీ మూడు చప్పుళ్లు. దీనికి ఏ రాగం కట్టాలి? పరీక్షల ముందు రాత్రుళ్లు ఆ రూములోని దోస్తే ఫిజిక్స్ పుస్తకం పైకి చదివి వినిపించాడు. వాడికి నేనేదో సాయం చేశానని వాడు ఇప్పటికీ అంటాడు: వినిపిస్తూ వినిపిస్తూ వాడికీ వచ్చేసిందట.

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇదీ ఉంది. నా పరీక్షలన్నీ అప్పటికే అయిపోయాయి. ఇప్పుడు ఆఫీసులో పెద్ద డాక్యుమెంట్ వస్తే ఫోన్ చేత చదివించుకుంటాను. కోడ్ మాత్రం కంటితోనే చదువుతాను. ఇండెంటేషన్ ఉంటుంది కదా, దానికీ ఒక నడక ఉంటుంది.

మొన్న దసరాకి ఎల్లారెడ్డి వెళ్లాను. అన్న కూతురు అక్కడే సర్కారు బడిలో మూడో తరగతి. 2022 నుంచి అక్కడా ఇంగ్లిష్ మీడియమే. తెలుగు వాచకం తెరిచి 'పాలు'ని 'పలు' అని చదివింది, రెండుసార్లు. నాలో ఏదో ఉలిక్కిపడింది. ఇప్పుడే ఏదీ చెప్పలేం, సెలవుల్లో హైదరాబాద్ తీసుకొచ్చి పరీక్ష చేయిద్దామని అన్నతో అన్నాను. "అందరు పిల్లలు గట్లనే సదువుతరు, నువ్వు సదవలేదా" అన్నాడు వాడు. ఏం చెప్పాలో తోచక, పాప పక్కన కూచుని మాత్రలకి సరిగ్గా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాను.

కాసేపు ఓపిక పట్టి పుస్తకంలోంచి తలెత్తింది. "కాకా, నువ్వు సప్పుడు జేస్తుంటే నేనెట్ల సదవాలె?"