ముందు తల్లిని చూడాలి

ఒంగోలు గిత్తను కొనాలని బయల్దేరినవారు సాధారణంగా గిత్తనే చూస్తారు. మూపురం ఎంత లేచింది, కొమ్ములు ఎలా ఉన్నాయి, ఎత్తెంత, ఏయే తిరునాళ్లలో బండ లాగింది అని ఆరా తీస్తారు. పాత రైతు మాత్రం పశువు చుట్టూ ఒకసారి తిరిగివచ్చి మెల్లగా అడిగేది ఇంకో మాట: "ఏం బాబాయ్, దీని తల్లి ఎవరింటిది?" జవాబుగా ఒక ఊరి పేరూ ఒక ఇంటి పేరూ వస్తే బేరం ముందుకు సాగేది. "సంతలో కొన్నాం" అంటే అక్కడే ధర తెగేది. కాగితం మీద వంశవృక్షం లేని చోట ఆ ప్రశ్నే పత్రం, ఆ జవాబే సాక్ష్యం.

ఇవాళ ఆ ప్రశ్న వినపడటం తగ్గింది. ఒంగోలు జాతికి వచ్చిన అసలు చిక్కు అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఈ జాతి పుట్టిల్లు చాలా చిన్నది. గుండ్లకమ్మకు అటూ ఇటూ, దక్షిణాన కందుకూరు దాకా, ఉత్తరాన అద్దంకి మీదుగా నరసరావుపేట, వినుకొండ దాకా ఉన్న మెట్ట నేల. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు కేంద్రంగా ఇప్పటి ప్రకాశం జిల్లా వచ్చింది. నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో ఓడలెక్కిన పశువులకు ఆ పాత జిల్లా పేరే అంటుకుంది. బ్రెజిల్‌లో ఈ జాతిని నేటికీ నెలోర్ అనే పిలుస్తారు. ఇండోనేషియాలో మాత్రం మన ఊరి పేరే నిలిచింది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో డచ్చివాళ్లు సుంబా దీవికి తీసుకెళ్లిన పశువుల సంతతిని అక్కడి రైతులు ఇప్పటికీ ఒంగోల్ అంటారు.

ఇంత చిన్న చోట ఇంత భారీ పశువు ఎందుకు తయారైందో తెలియాలంటే నల్లరేగడిలో నడవాలి. వాన పడితే ఆ మట్టి నాగలిని పట్టుకుని వదలదు. ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. ఆ బురదలోంచి కాలు పీకి మళ్లీ వేసే బలం, పొద్దు తిరిగేదాకా ఒకే అడుగుతో నడిచే నిదానం, రెండూ ఉన్న పశువే ఇక్కడ నిలబడింది. కన్నడ దేశపు హళ్లికార్‌ను చూసినవారు ఒంగోలు ఎద్దుకు చురుకు లేదని నవ్వుతారు. పరుగుకు హళ్లికారే మేలు, అందులో వాదం లేదు. లోతు దుక్కికీ బరువు బండికీ మాత్రం ఒంగోలు జతనే కట్టాలి.

మేత కూడా ఈ నేలదే. జొన్న చొప్ప, వరిగ గడ్డి, ఉడకబెట్టిన ఉలవలు, పత్తి పండే ఊళ్లలో నానబెట్టి రోట్లో రుబ్బిన పత్తిగింజలు. పత్తి అమ్మితే ఇంటికి డబ్బు, గింజలు మిగిలితే గిత్తకు దాణా. గింజంతా జిన్నింగు మిల్లుకు వెళ్లిపోయాక రైతు పత్తి చెక్కను సంచుల్లో కొనుక్కుంటున్నాడు.

పశువును ఎంచి పెంచడంలో ఈ ప్రాంతపు రైతులకు ఒక పద్ధతి ఉండేది. ఎవరూ రాసిపెట్టలేదు గానీ ఊరూరా ఒకేలా సాగింది. మొదటిది, మేలైన కోడెదూడ పుడితే తల్లి పాలను ఇంటికి పిండుకోకుండా చాలావరకు దూడకే వదిలేయడం. చంటిపిల్లల ఇంట్లో అది మాటలు కాదు. రెండోది ఆబోతు. ఇంటి పెద్ద కాలం చేస్తే ఆయన పేరున ఒక కోడెదూడను అచ్చువేసి దేవుడికి వదిలేవారు. పనీపాటా లేకుండా తిరిగేవాణ్ణి తిట్టడానికి మనం ఆ పశువును వాడుకుంటున్నాం గానీ, అప్పట్లో దానంత బాధ్యత ఊళ్లో ఎవరికీ లేదు. ఊరి ఆవులన్నింటికీ రేపటి తండ్రి అదే. అందుకే దూడను ఎంచే పని ఒక్క ఇంటి ఇష్టానికి వదలకుండా పశువు తెలిసిన పెద్దలు నలుగురూ వచ్చి చూసేవారు. వాళ్లు తల ఊపితేనే అచ్చు పడేది. అది ఏ చేలో మేసినా కర్ర ఎత్తేవారు కాదు. పుణ్యం పేరుతో జరిగిన ఈ ఏర్పాటు, ఖర్చు లేకుండా ఊరికొక మేలిజాతి విత్తనపు గిత్తను నిలబెట్టింది.

ఆ పెద్దలు ఏం చూసేవారో కొంత రాతలోకీ ఎక్కింది. దక్షిణ భారత పశుసంపద మీద 1936లో పుస్తకం తెచ్చిన ఆర్.డబ్ల్యు. లిటిల్‌వుడ్ లాంటి అధికారులు ఈ జాతి లక్షణాలను నమోదు చేశారు. ఒళ్లు మెరిసే తెలుపు. గిత్తకైతే తల, మెడ, మూపురం మీద బూడిదరంగు నీడ, మోకాళ్ల దగ్గర నల్లని మచ్చలు. కన్ను కోలగా ఉండి చుట్టూ కాటుక గీసినట్టు నల్లని చర్మం, నల్లని రెప్పవెంట్రుకలు. ముట్టె నలుపు, గిట్టలు నలుపు, తోక కుచ్చు నలుపు. ముట్టె గులాబీ రంగులో ఉన్నా, రెప్పలు తెల్లబడినా, కుచ్చులో తెలుపు కనిపించినా తెలిసినవారు పెదవి విరుస్తారు. కొమ్ములు పొట్టిగా, మొదట్లో లావుగా, పగుళ్లు లేకుండా బయటికీ వెనక్కీ తిరగాలి. మూపురం నిటారుగా, రెండు వైపులా నిండుగా ఉండాలి. ఒక పక్కకు వాలితే ధర కూడా వాలుతుంది. గంగడోలు మడతలు మడతలుగా గొంతు నుంచి దిగాలి.

కొత్తవాళ్లను కంగారు పెట్టే సంగతి ఒకటుంది. ఒంగోలు దూడ చాలాసార్లు ఎర్రటి, గోధుమరంగు మచ్చలతో పుడుతుంది. నెలలు గడిచేకొద్దీ తెల్లబడుతుంది. ఆ మచ్చలు చూసి జాతి కాదనుకుని దూడను వదులుకునేవాళ్లున్నారు.

వయసు నోట్లో తెలుస్తుంది. పై దవడకు ముందు పళ్లుండవు, కింద ఎనిమిది. పాలపళ్లు రాలి రెండు గట్టి పళ్లు రావడానికి రెండు, రెండున్నరేళ్లు పడుతుంది. అక్కణ్ణుంచి నాలుగు, ఆరు, చివరికి సుమారు అయిదేళ్లకు ఎనిమిదీ నిండుతాయి. బండలాగుడు పోటీల్లో రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు పెట్టేది ఈ లెక్క మీదే. అమ్మేవాడు చెప్పే వయసు వినండి, తర్వాత పెదవి ఎత్తి చూడండి.

అన్నిటికన్నా నేను నమ్మేది నడకను. పశువును కట్టుకొయ్య దగ్గర చూస్తే సగమే చూసినట్టు. మట్టి దారిలో నడిపించి అడుగుల జాడ చూడాలి. ముందు కాలు లేచిన చోట వెనక గిట్ట పడితే అడుగు సాగుతున్నట్టు. వెనకే ఆగిపోతే నడుములోనో తుంటిలోనో బిగువు ఉన్నట్టు. వెనక కాళ్ల మడమకీళ్లు ఒకదానికొకటి రాసుకునే పశువు బరువు కింద త్వరగా అలసిపోతుంది. ఇక సుడుల లెక్క వేరే శాస్త్రం. నుదుట, మూపురం మీద, తోక దగ్గర వెంట్రుకల సుడులు చూసి ఇది ఇంటికి కలిసొస్తుంది, అది యజమానిని తింటుంది అని తేల్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మంచి సుడి ఉంటే ధర పెరుగుతుంది, బలం పెరగదు. అయినా అమ్మేటప్పుడు ఎదుటివాడు తప్పకుండా అడుగుతాడు కాబట్టి, నమ్మకం లేనివారు కూడా ఒకసారి చూసుకోవడం నయం.

జత కూర్చడం ఇంకా కష్టం. ఎత్తు, అడుగు, స్వభావం మూడూ కలవాలి. కాడికి ఎడమన దాపల ఎద్దు, కుడిన వలపల ఎద్దు. చిన్నప్పుడు ఏ వైపు అలవాటు చేస్తే ఆ వైపే కుదురుగా నడుస్తుంది. రెండు దాపల ఎద్దుల్ని కొనుక్కొచ్చి కాడి కట్టినవాడికి ఆ ఏడు దుక్కి సాగదు.

ఇంత జాగ్రత్తగా పెంచిన పశువుకు పని పోయింది. దుక్కి ట్రాక్టరుకు వెళ్లింది, రవాణా లారీకి వెళ్లింది. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు కాలువల్లోకి వచ్చాక మెట్ట పొలాల్లో చాలా భాగం మాగాణి అయింది. జొన్న తగ్గింది, చొప్ప తగ్గింది. పాలకు ముర్రా గేదె వచ్చింది. ఈతకు 600 నుంచి 1000 కిలోల పాలిచ్చే ఒంగోలు ఆవు దాని ముందు నిలవలేకపోయింది. పత్తి, మిరప సాళ్ల మధ్య గుంటక తోలడానికి మూతికి చిక్కం కట్టిన అరక ఇంకా కనిపిస్తుంది. దానికి ఏ జాతి ఎద్దయినా సరిపోతుంది.

పని పోయిన జాతి ఏమవుతుందో చెప్పే కథ ఒకటి ఇటలీలో ఉంది. రవెన్నా, కొమాక్యో చిత్తడి నేలల్లో వేటగాళ్లు కొట్టిన బాతుల్ని నీళ్లలోంచి తెచ్చే ఉంగరాల జుట్టు కుక్క లగోట్టో రొమాన్యోలో. ఆ చిత్తడిని ఎండగట్టి సాగులోకి తెచ్చాక దానికి పని లేకుండా పోయింది. దాన్ని నిలబెట్టింది దాని ముక్కు. నేల లోపల చెట్ల వేళ్లను అంటిపెట్టుకుని పెరిగే ట్రఫుల్ అనే ఖరీదైన పుట్టగొడుగును వాసనతో పట్టే పనికి దాన్ని మళ్లించారు. అయినా 1970ల నాటికి మేలిరకం కుక్కలు కొద్దిగానే మిగిలాయి. కొందరు పెంపకందారులు కలిసి వాటిని వెతికి, వంశాలు రాసుకుని, 1988లో సంఘం పెట్టారు. 2005లో అంతర్జాతీయ కెన్నెల్ సమాఖ్య పూర్తి గుర్తింపు ఇచ్చింది. నీటిలో పని పోయిన కుక్కకు అడవిలో పని దొరికింది.

ఒంగోలు గిత్తకు దొరికిన రెండో పని బండలాగుడు. సంక్రాంతికి, శివరాత్రికి, ఉగాదికి ఊరూరా పోటీలు. గ్రానైట్ బండకు జతను కట్టి, నిర్ణీత సమయంలో ఎన్ని అడుగులు లాగిందో కొలుస్తారు. వీటి కోసం పెంచే గిత్తల వైభవమే వేరు. ఉలవలతో పాటు కోడిగుడ్లు, బాదం, ఖర్జూరం, చెరువులో ఈత, రోజూ ఒళ్లు రుద్దడం. 2014లో జల్లికట్టు, ఎడ్లబండి పందేలను సుప్రీంకోర్టు నిషేధించింది. 2023 మేలో రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక తెచ్చిన సవరణ చట్టాలను సమర్థించింది. చర్నాకోల దెబ్బల గురించి జంతు ప్రేమికులు అడిగే ప్రశ్న న్యాయమైనదే. దెబ్బ కొట్టి లాగించిన అడుగును లెక్కలోంచి తీసేస్తే పోటీకి మర్యాద పెరుగుతుందని నా మాట. కానీ ఈ పోటీలే లేకపోతే పల్లెల్లో ఒంగోలు గిత్త కోసం లక్షలు పెట్టేవాడు ఉండడు. జాతిని ఇవాళ మోస్తున్న కాడి ఇదే.

అయితే ఈ కాడి ఒక వైపుకే ఒరిగింది. బండ లాగేది గిత్త, ఫొటోల్లో కనిపించేది గిత్త, ధర పలికేదీ గిత్తే. 2002లో హైదరాబాదులో జరిగిన జాతీయ క్రీడలకు చిహ్నంగా పెట్టిన 'వీర' కూడా గిత్తే. ఆవు ఎక్కడుంది? చాలా ఊళ్లలో గిత్తలున్న ఇంట్లోనే ఆవు లేదు. కోడెను బయట కొంటారు, మేపుతారు, లాగిస్తారు, అమ్ముతారు. పాలు తక్కువ ఇచ్చే ఆవును మేపే భారం మాత్రం ఎవరూ మోయాలనుకోరు.

బ్రెజిల్ వాళ్లు లెక్క ఎటునుంచి మొదలుపెట్టారో చూడండి. 1960ల మొదట్లో ఒంగోలు పక్కనున్న కరవది నుంచి ఒక గిత్త అక్కడికి చేరింది. దాన్ని కర్వాది అనే పిలుచుకున్నారు, నెలోర్ వంశాల మూలపురుషుల్లో దాన్ని ఇప్పటికీ లెక్కిస్తారు. 1962 నాటి పశువుల్ని ప్రధాన భూభాగంలోకి తెచ్చేముందు ఫెర్నాండో ది నొరోన్యా దీవిలో క్వారంటైన్‌లో ఉంచారు. బ్రెజిల్‌లో వంశాల రిజిస్టరు 1938లోనే మొదలైంది. తండ్రి ఎవరు, తల్లి ఎవరు, తల్లి తల్లి ఎవరు అన్నీ రాతలో ఉంటాయి. మన ఇళ్లలో నోటి మాటగా ఉన్న ప్రశ్నను వాళ్లు పుస్తకంలోకి ఎక్కించారు. 2023లో వియాతీనా-19 అనే నెలోర్ పశువులో మూడో వంతు వాటా వేలానికి వస్తే, ఆ ధర ప్రకారం పూర్తి విలువ 43 లక్షల డాలర్లు దాటింది. అప్పటికి ప్రపంచ రికార్డు అది. బరువు 1100 కిలోలు. అది గిత్త కాదు, ఆవు. వాళ్లు పెంచేది మాంసానికి. ఆ సంగతి మనకు మింగుడుపడకపోవచ్చు. అయినా జాతి ఎక్కడ ఉంటుందన్న విషయంలో మన పాత రైతులూ వాళ్లూ ఒకే మాట మీద ఉన్నారు.

కనుక ఒంగోలు పశువును ఇంటికి తెచ్చుకోవాలనుకునేవారు సంతకు వెళ్లేముందు రెండు చోట్లకు వెళ్లడం మంచిది. ఒకటి గుంటూరు పక్కనే లాం ఫారం. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద అక్కడి పరిశోధన కేంద్రంలో ఒంగోలు మంద ఉంది. రెండోది ప్రకాశం జిల్లా చదలవాడలోని ప్రభుత్వ పశుక్షేత్రం. అక్కడ కొనకపోయినా సరే, మంచి మందను వరసగా చూస్తే కంటికి కొలత వస్తుంది. తర్వాత పోటీలు జరిగే ఊళ్లలో ముందు వరసలో కూర్చోకుండా వెనక షెడ్ల దగ్గర తిరగాలి. గెలిచిన జత యజమానిని అభినందించి, తల్లి ఎవరింట్లో ఉందో అడిగి, ఆ ఇంటికి వెళ్లాలి. ఆవును చూడాలి. పాలు పిండేటప్పుడు దాని తీరు చూడాలి, ఇప్పటిదాకా ఎన్ని ఈతలు ఈనిందో అడగాలి, పాత దూడలు ఏ ఊరికి వెళ్లాయో తెలుసుకోవాలి. ఆ ఇంట్లో పెయ్య ఉంటే గిత్త మాట పక్కన పెట్టి దాన్నే అడగాలి. గిత్తకు పెట్టే డబ్బుతో పోలిస్తే పెయ్య ధర చాలా తక్కువ.

తొందరపడేవారికి ఇది పడదు. ఒంగోలు పెయ్య మొదటి ఈత ఈనేసరికి మూడున్నర, నాలుగేళ్లు నిండుతాయి. ఏడాది పెయ్యను కొంటే తొలి దూడను చూడటానికి ఇంకో మూడేళ్లు. అది కోడెదూడే అయి, రెండు పళ్లు వేసి, మొదటిసారి కాడి కిందికి రావడానికి మరో రెండు, రెండున్నరేళ్లు. ఈలోపు చొప్ప కోసమైనా ఒక చెక్క జొన్న వేసుకోవాలి, పాలు ఇంటికి ఎన్ని, దూడకు ఎన్ని అని ఇంట్లో ముందే తేల్చుకోవాలి.