టిక్కీ బరువు

ఈ వారం నాకు బాగా నచ్చింది ఓ నోటుపుస్తకం. వ్యాయామ విద్య కోర్సు బి.పి.ఇడి. చదువుతున్న మా ఊరి అమ్మాయిది. గుంటూరు మిర్చి యార్డులో హమాలీగా చేసే వాళ్ల నాన్న మణికట్టు పట్టుకుని, టిక్కీ (మిర్చి బస్తా) మోయక ముందూ మోశాకా నాడి ఎంత కొట్టుకుందో అందులో రాసుకుంది.

ఆటల పీరియడ్‌ను లెక్కల మాస్టారికి అప్పగించే స్కూళ్ల మీద నా కోపం పాఠకులకు కొత్త కాదు. బి.పి.ఇడి. అంటే ఈల ఊదడమేనని ఇంకా అంటున్నారు. రెండేళ్ల ఆ కోర్సులో శరీర నిర్మాణం, కీళ్ల కదలిక, శిక్షణ పద్ధతులు అన్నీ చదవాలి. చిన్న కాలేజీలో ట్రెడ్‌మిల్ లేకపోతేనేం, యార్డే ప్రయోగశాల అవుతుందనిపించింది. మన పల్నాడు పత్తి చేలల్లో రోజంతా నడుం వంచి తీత తీసే ఆడవాళ్ల కంటే గట్టి దేహాలు ఎక్కడున్నాయి?

గట్టి దేహాలంటే స్టూవర్టుపురం గుర్తొచ్చింది. బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థుల తెగ అని ముద్రవేసి, ఎరుకల కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ నిఘాలో ఉంచిన ఊరు. పుట్టుకతోనే దొంగలన్నారు వాళ్లను. ఆ ఊరి రాగాల వెంకట్ రాహుల్ 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో స్నాచ్ 151, క్లీన్ అండ్ జర్క్ 187, మొత్తం 338 కిలోలు ఎత్తి స్వర్ణం తెచ్చాడు. ఆ పేరు తల్చుకుంటే ఇప్పటికీ నా ఛాతీ పొంగుతుంది.

అయితే 187 కిలోలు ఎత్తడం కొన్ని సెకన్ల పని. ఎత్తాక కూర్చుంటాడు, తింటాడు, నిద్రపోతాడు. కండ కట్టేది అప్పుడే. ఏ రోజు బరువు ముట్టకూడదో కూడా కోచ్ రాసిస్తాడు. నలభై కిలోలు దాటిన టిక్కీని ఘాటులో, ఎండలో సాయంత్రం దాకా మోసే మనిషికి ఆ చీటీ ఎవరు రాస్తారు? మోస్తేనే కూలి. కోపెన్‌హాగెన్‌లో లక్షమందికి పైగా జనాన్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం ఒకటి ఈ తేడా మీదే 2021లో వచ్చింది. తీరిక వేళ కసరత్తు చేసేవాళ్లకు గుండెజబ్బు ముప్పు తక్కువగా ఉంటే, పనిలో ఒళ్లు వంచేవాళ్లకు ఎక్కువగా కనిపించింది. రోజంతా దిగిరాని నాడి, రక్తపోటు అందుకు కారణాలు కావచ్చంటున్నారు.

కాబట్టి యార్డును ప్రయోగశాల అనడం నాకిప్పుడు రుచించడం లేదు. ఆ అమ్మాయి చదువు అక్కడికి కొలవడానికి కాదు, ఆపడానికి వెళ్లాలి. ఏ వేళకు నీడన కూర్చోవాలో, ఎన్ని నీళ్లు తాగాలో, నడుం వంచకుండా మోకాళ్ల మీద బరువెలా లేపాలో ముఠాకు చెప్పే ఉద్యోగం ఒకటి మార్కెట్ కమిటీ పెట్టాలి. ఆ కూర్చున్న సమయానికీ కూలి కట్టాలి.