మాయాకన్యల కథలలో మగవాని స్థానము

వేలూరు, గుడియాత్తము పట్టణములలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో పిల్లలు కథలు వినుట తగ్గి, చూచుట హెచ్చినది. వారు చూచువానిలో జపాను దేశపు బొమ్మల చిత్రములును చేరినవి. వానిని ‘అనిమే’ యందురు. అందొక శాఖ మాయాకన్యల కథలు. సామాన్యురాలైన ఒక బాలిక మంత్రశక్తిని పొంది, వేషము మార్చి, లోకమును రక్షించుట వీని సారము. బలమంతయు బాలికయందే యున్నపుడు ప్రక్కనున్న బాలుడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్నను పెద్దలు విచారింపదగునని మా యభిప్రాయము.

ఈ శాఖకు మొదటిదిగా 1966లో వచ్చిన ‘సాలీ’ అను మాంత్రిక బాలిక చిత్రమాలను చెప్పుదురు. అమెరికా దేశపు ‘బివిచ్డ్’ అను దూరదర్శన హాస్యమాల దానికి ప్రేరణ. అంతకుముందే, 1962లో, మాయాదర్పణమును పొందిన ‘అక్కో’ అను బాలిక కథ బొమ్మల కథగా వెలువడినది. అద్దమన్నంతనే మన వారికి ‘మాయాబజారు’లోని ప్రియదర్శిని పేటిక జ్ఞప్తికి రాకమానదు. ఆ పోలికను పిదప విచారింతము.

1992లో వచ్చిన ‘సెయిలర్ మూన్’లో నాయకుడు టక్సీడో మాస్క్. నల్లని దుస్తులు ధరించి, గులాబిపువ్వును బాణమువలె విసరి, రెండు ధైర్యవచనములు పలికి మాయమగును. శత్రుసంహారము మాత్రము నాయికదే. పైగా అతడే శత్రువులకు చిక్కి, వారి మాయకు లోబడి, తుదకు నాయికచే రక్షింపబడును. ఇతడు నాయకుడా, అలంకారమా యని కొందరు నవ్వవచ్చును. కాని మన కథలలో నాయికలు ఎన్ని తరములుగా ఇట్టి అలంకారములుగా నిలిచిరో తలచినచో ఆ నవ్వు నిలువదు. 1998 నాటి ‘కార్డ్‌క్యాప్టర్ సకురా’లోని షావోరాన్ పాత్ర ఇంతకంటె మేలైనది. హాంకాంగు నుండి ప్రతిస్పర్ధిగా వచ్చిన ఆ బాలుడు, సకురా సామర్థ్యమును కన్నులార చూచి, అసూయను విడిచి మిత్రుడగును. మగపిల్లవాడు ఓటమిని కాక, ఇతరుల గొప్పతనమును అంగీకరించుటను నేర్చుకొనిన కథ యిది.

2011లో వచ్చిన ‘మడోకా’ కథ వేరొక మార్గమును త్రొక్కినది. చేయి చెడిన ఒక వాద్యకారుడైన బాలుని కొరకు సాయకా యను బాలిక తన జీవితమునే పణముగా పెట్టి, అతని చేతిని బాగుచేయించును. అతడు మరల వాయించును. ఆ చేతికి వెల యెవరు చెల్లించిరో ఎరుగడు. అతడు దుష్టుడు కాడు, ఎరుగనివాడు మాత్రమే. తల్లులయు, అక్కచెల్లెండ్రయు శ్రమను అనుభవించుచు, దాని మూలమును అడుగని మన యిండ్లలోని మగవారికి ఈ పాత్ర అద్దము వంటిది.

2004లో మొదలైన ‘ప్రీక్యూర్’ మాలలో 2018లో ఒక బాలుడు కొంతసేపు మాయావీరుడాయెను. 2023లో ‘క్యూర్ వింగ్’ అను బాలుడు ఆ జట్టులో స్థిరసభ్యుడే యయ్యెను. అతడు ఎగురలేని పక్షిజాతిలో పుట్టి ఎగురగోరినవాడు. ఇందు బాలికల స్థానము తరుగలేదు. బాలునికి వారి సరసన చోటు దొరకినది.

ఇక మన ‘మాయాబజారు’. 1957లో కె.వి. రెడ్డి గారి దర్శకత్వమున విజయా వారు దీనిని తెలుగు, తమిళములు రెండింటను నిర్మించిరి. తెలుగున శశిరేఖ, తమిళమున వత్సల. రెండు భాషల నడుమ పెరిగిన మన వారికి రెండు పేర్లును పరిచితములే. ఇందు మాయాకన్య యెవరు? శశిరేఖ కాదు, శశిరేఖ రూపము దాల్చిన ఘటోత్కచుడు. అసలు శశిరేఖ నిద్రలోనుండగా శయ్యతో సహా తరలింపబడును. ప్రియదర్శినియు ఆమెకు ప్రియుని చూపునే కాని శక్తి నొసగదు. ఇది ఆ కథలోని లోపమని చెప్పక తప్పదు. అయినను అంతటి బలశాలి పెండ్లికొమరిత వేషమునకు సిగ్గుపడక, గద నెత్తక, నవ్వులతోనే లక్ష్మణకుమారుని గర్వమణచుట సామాన్యమైన ఊహ కాదు. ఆడువేషధారియైన మగవానిగా ఆ ఘట్టములను నటించిన సావిత్రి గారి ప్రతిభను ఎంత పొగడినను తక్కువే.

గుడియాత్తములో ఏటేట వైకాశి మాసమున గంగమ్మ శిరస్సును ఊరేగించి అమ్మవారి మేనితో చేర్చుదురు. దాని వెనుకనున్నది రేణుక కథ. తండ్రి యాజ్ఞచే తల్లి తలను నరికిన పరశురాముడు, వరము కోరుమన్నపుడు ఆ తల్లి ప్రాణమునే కోరెను. జనులు ఊరేగించునది అతని గొడ్డలిని కాదు, ఆమె శిరస్సును. శక్తి కథలో పురుషునికి మిగులు గౌరవమంతయు ఆ కోరికయందే యున్నదని మేము తలంతుము.

కావున జపాను చిత్రములు మగపిల్లలను మెత్తపరచునని భయపడనక్కరలేదు. పిల్లలతో కూర్చుండి వానిని చూడుడు. షావోరాన్ ఏల మారెనో, ఆ వాద్యకారుడు ఏమి అడుగవలసియుండెనో తెలుగులోనే వారిని ప్రశ్నింపుడు. మన శశిరేఖకు స్వశక్తి యుండినచో కథ యెట్లు నడచునో వారినే చెప్పుమనుడు. కథ వినుట తగ్గిన యిండ్లలో కథ చెప్పుటయైనను ఇట్లు మరల మొదలుకాగలదు.